లావు, పదమూడు క్యాన్సర్లు, రెండు శాతాలు

కర్నూల్లో పొద్దున ఏడు గంటలకు ఉగ్గాని బండి దగ్గర నిలబడితే ఊరి ఆరోగ్యం మీద చర్చ మొత్తం వినొచ్చు. 2025 జూలైలో నడిచిన చర్చ సమోసాల మీద. సిగరెట్ పెట్టెల మీద ఉన్నట్టే సమోసా, జిలేబీల మీద కూడా ప్రభుత్వం హెచ్చరికలు వేయించబోతోందని అప్పుడు ఫోన్లలో వార్త తిరిగింది. బండి అన్న బాండ్లిలో మిరపకాయ బజ్జీలు తిప్పుతూ, "ఏమబ్బా, అయితే రేపు నా బజ్జీల మీద గూడా నోటి క్యాన్సర్ బొమ్మ ఏస్తారా?" అన్నాడు. అందరూ నవ్వారు. పార్సిల్ కట్టించుకుంటున్న ఒక పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "లావుంటే క్యాన్సరొస్తాదంట గదా నాయనా, నిజమేనా?" అని అడిగింది.

సమోసా సంగతి తేలిగ్గానే తేలిపోయింది. బండ్ల మీద అమ్మే తిండికి లేబుళ్ళేమీ లేవని, ఆఫీసుల్లో, సంస్థల్లో నూనె, చక్కెరల గురించి బోర్డులు పెట్టమన్న సలహా మాత్రమే ఇచ్చామని కేంద్ర ఆరోగ్యశాఖ వివరణ ఇచ్చింది. అదే సంవత్సరం ఫిబ్రవరిలో ప్రధాని మోదీ 'మన్ కీ బాత్'లో స్థూలకాయం గురించి మాట్లాడుతూ నూనె వాడకం 10 శాతం తగ్గించుకోమన్నారు. ఆ వరుసలో వచ్చిన సలహాయే ఇది.

పెద్దమ్మ అడిగింది మాత్రం అంత తేలిగ్గా తేలేది కాదు. అవునంటే సగం అబద్ధం, కాదంటే ఇంకా పెద్ద అబద్ధం.

ముప్పు రెండున్నర రెట్లంటే మనుషుల్లో ఎంత?

ఎక్కువ బరువుకూ క్యాన్సర్‌కూ లంకె ఉందన్నది ఇప్పుడు వివాదం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధంగా ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒకటుంది. 2002లో ఆ సంస్థ ఐదు రకాల క్యాన్సర్లకు ఈ లంకెను గట్టిగా ఒప్పుకుంది. 2016లో మళ్ళీ కూర్చుని, వెయ్యికి పైగా అధ్యయనాలు తిరగేసి, ఆ జాబితాను 13కు పెంచింది.

అయితే ఈ వార్తలన్నీ "రెండు రెట్లు", "ఏడు రెట్లు" అని రెట్ల భాషలో వస్తాయి. రెట్లు దేనికి అన్నది చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు. మా పొలంలో పంట రెండింతలైందని ఒకాయన అంటే, పోయినేడు రెండు మూటలా, ఇరవై మూటలా అని అడగకుండా ఎవరూ ఊరుకోరు. క్యాన్సర్ లెక్క దగ్గరికి వచ్చేసరికి ఆ ప్రశ్న అడగడం మర్చిపోతాం.

లెక్క కోసం ఒక ఉదాహరణ. మామూలు బరువున్న వెయ్యి మంది ఆడవాళ్ళలో జీవితకాలంలో ముగ్గురికి గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ వస్తుందనుకుందాం. ఆ మూడు అనేది నేను అనుకున్న అంకె. దానిమీద కట్టే రెట్లు మాత్రం 2016 నివేదికవి: అధిక బరువుంటే సుమారు 1.5 రెట్లు. అంతకంటే లావైతే స్థూలకాయం, లావు పెరిగేకొద్దీ దానికి మూడు దశలు: మొదటి దశకు 2.5, రెండో దశకు 4.5, మూడో దశకు 7.1. అంటే ముగ్గురి బదులు వరుసగా నలుగురైదుగురు, ఏడెనిమిది మంది, పదమూడు పద్నాలుగు మంది, చివరి మెట్టులో ఇరవై ఒక్క మంది.

ఇదే అంకెను రెండు వైపుల నుంచీ చదవొచ్చు. బాగా లావున్న వెయ్యి మందిలో ఈ జబ్బు రానివాళ్ళు 979 మంది. కాబట్టి "లావుంటే క్యాన్సరొస్తాది" అన్న మాట తప్పు. కానీ మూడుకు బదులు ఇరవై ఒకటి అంటే, అదనంగా పద్దెనిమిది ఇళ్ళలో ఆ కష్టం. కాబట్టి "ఏం కాదులే" అన్న మాటా తప్పే. వైద్యులు ముప్పు అన్నప్పుడు అర్థం ఇదే. అది ఒక మనిషి జాతకం చెప్పదు, గుంపులో ఎంతమందికి అని చెబుతుంది.

పోల్చి చూసుకోవడానికి ఇంకో అంకె: సిగరెట్ తాగేవాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు తాగనివాళ్ళ కంటే 15 నుంచి 30 రెట్లని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ చెబుతుంది. బరువుతో వచ్చే రెట్లలో అన్నిటికంటే పెద్దదైన 7.1 కూడా దానికి దరిదాపుల్లో లేదు. సమోసాను సిగరెట్‌తో పోల్చడం అందుకే అతకదు.

లావు అంటే ఎవరి కొలత?

బెల్జియం గణిత శాస్త్రవేత్త క్వెట్లె 1832లో ఒక సూత్రం చెప్పాడు: కిలోల్లో బరువును, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగించడం. ఆయన చూసింది జనాభా సగటులను. రోగుల బాగోగులు ఆయన ధ్యాసలో లేవు. 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త దానికి బాడీ మాస్ ఇండెక్స్, మనం పిలిచే బీఎంఐ, అని పేరు పెట్టాడు. అప్పటినుంచీ అదే నడుస్తోంది.

1.57 మీటర్ల ఎత్తు, అంటే ఐదడుగుల రెండంగుళాలకు కాస్త తక్కువ, 66 కిలోల బరువున్న ఒక అక్కను తీసుకుందాం. 1.57ను 1.57తో హెచ్చిస్తే 2.46. 66ను దాంతో భాగిస్తే బీఎంఐ 26.8. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 నుంచి 30 వరకు అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం. ఆ లెక్కన ఈమెది అధిక బరువు. భారతీయుల కోసం 2009లో మన వైద్య నిపుణులు కుదుర్చుకున్న లెక్కలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. ఆ లెక్కన ఈమెది స్థూలకాయం. మనిషి మారలేదు, బరువు మారలేదు, పేరు మారింది. ఒకే రిపోర్టు పట్టుకుని ఇద్దరు డాక్టర్ల దగ్గరికి పోతే రెండు మాటలు వినపడటానికి ఇదొక కారణం.

మనకు గీత కిందికి ఎందుకు జరిపారంటే, ఒకే బీఎంఐ దగ్గర మన ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ, కండ తక్కువ. దీనికి 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక సరదా ఉదాహరణ వచ్చింది. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్‌కిన్ పక్కపక్కన నిలబడి ఫోటో దిగారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్‌కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం. మన యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. చూస్తే ఇద్దరూ సన్నమే.

అందుకే నడుం కొలత కూడా చూస్తారు. మనవాళ్ళలో మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు గీత. అంగుళాల్లో అయితే ముప్పై ఐదున్నర, ముప్పై ఒకటిన్నరకు దగ్గర. ఇక్కడ మగవాళ్ళం మనల్ని మనమే మోసం చేసుకుంటాం. "నాది ముప్పై నాలుగే" అంటాం. అది ప్యాంటు సైజు, పొట్ట కింద కట్టుకునేది. ఆ కొలత పొట్ట మీద తీసింది కాదు. చేతులూ కాళ్ళూ సన్నగా ఉండి, 66 కిలోలు తూగి, 1.70 మీటర్ల ఎత్తుండి, పొట్ట మాత్రం ముందుకొచ్చిన బాబాయిలు మన ప్రతి వీధిలో ఉన్నారు. వాళ్ళ బీఎంఐ 22.8, కాగితం మీద భేషుగ్గా ఉంటుంది. పొట్ట లోపల పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ పేరుకునే కొవ్వు సంగతి ఆ కాగితానికి తెలియదు.

రాష్ట్రం మొత్తమ్మీద చూస్తే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 25 బీఎంఐకి పైన ఉన్న ఆడవాళ్ళు 36.3 శాతం, మగవాళ్ళు 31.1 శాతం. ఆడవాళ్ళలో పట్నాల్లో 44.4, పల్లెల్లో 32.6. పల్లె ఆడవాళ్ళలో కూడా ముగ్గురిలో ఒకరన్నమాట. కరువు సీమ, జొన్నరొట్టె, కూలిపని అని మనం మనసులో వేసుకున్న బొమ్మకు ఈ అంకె సరిపోదు.

కొవ్వు ఊరికే పడి ఉండదు

ఒంట్లో కొవ్వును గాదెలో పోసిన జొన్నల్లాగా ఊహించుకుంటాం. కరువొస్తే తీసుకోవడానికి దాచిన సరుకు. చాలాకాలం వైద్యులు కూడా అంతే అనుకున్నారు. నిజానికి కొవ్వు కణజాలం ఒక గ్రంథిలా పనిచేస్తుంది. హార్మోన్లు తయారు చేస్తుంది, సంకేతాలు పంపుతుంది. ఆ సంకేతాల్లో మూడు దారులు క్యాన్సర్ కథకు ముఖ్యం.

మొదటిది ఈస్ట్రోజెన్. ముట్లు వచ్చినన్నాళ్ళు ఆడవాళ్ళలో దీన్ని ప్రధానంగా అండాశయాలు తయారు చేస్తాయి. ముట్లు ఆగిపోయాక ఆ మిల్లు మూతపడుతుంది. అప్పుడు పని కొవ్వు అందుకుంటుంది. కిడ్నీల మీద టోపీల్లా కూర్చుని ఉండే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే హార్మోన్లను, కొవ్వులో ఉండే అరోమటేజ్ అనే ఎంజైమ్ ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. కొవ్వు ఎంత ఎక్కువుంటే ఈస్ట్రోజెన్ అంత ఎక్కువ. గర్భసంచి లోపలి పొరను పెంచేది ఈస్ట్రోజెన్, ఆ పెరుగుదలకు పగ్గం వేసేది ప్రొజెస్టెరాన్. ముట్లు ఆగాక ప్రొజెస్టెరాన్ దాదాపు ఉండదు. పగ్గం లేని పెరుగుదల ఏళ్ళ తరబడి సాగితే, ఏదో ఒక కణం దారి తప్పే అవకాశం పెరుగుతుంది. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌కు బరువుతో ఇంత గట్టి లంకె ఉండటానికి ఇదే కారణం. పెద్ద వయసులో వచ్చే రొమ్ము క్యాన్సర్‌కూ ఇదే దారి, కాకపోతే అక్కడ తోపు బలం తక్కువ: బీఎంఐ ఐదు పాయింట్లు పెరిగితే ముప్పు 10 శాతం పెరుగుతుంది. పైన చెప్పిన అక్క ఎత్తుకు ఐదు పాయింట్లంటే దాదాపు 12 కిలోలు.

రెండోది ఇన్సులిన్. పొట్ట కొవ్వు ఎక్కువైతే ఒళ్ళు ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తుంది. మాట వినిపించడానికి క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. షుగర్ జబ్బు బయటపడటానికి చాలా ఏళ్ళ ముందే రక్తంలో ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతుంటుంది. ఇన్సులిన్ పని చక్కెరను కణాల్లోకి పంపడం ఒక్కటే కాదు, కణాలకు "పెరుగు, విభజించుకో" అని చెప్పడం కూడా. పెద్దపేగు లోపలి గోడ కొన్ని రోజులకొకసారి కొత్త కణాలతో మారిపోతుంటుంది. అట్లాంటి చోట ఈ అదిలింపు ప్రభావం ఎక్కువ.

మూడోది వాపు. దెబ్బ తగిలినప్పుడు ఎర్రగా ఉబ్బేది పైకి కనపడే వాపు. కొవ్వు కణాలు పట్టలేనంత నిండినప్పుడు వాటి చుట్టూ రక్షణ కణాలు చేరి, చల్లారని నిప్పులాగా ఏళ్ళ తరబడి లోలోపల రాజుకుంటుంటాయి. ఆ వాపులో కణాలు చెడుతూ, మరమ్మతవుతూ, మళ్ళీ చెడుతూ ఉంటాయి. కాలేయంలో ఇది కళ్ళకు కట్టినట్టు కనపడుతుంది: ముందు కొవ్వు చేరడం, తర్వాత వాపు, తర్వాత మచ్చలు కట్టి గట్టిపడటం, కొందరిలో చివరికి క్యాన్సర్. కర్నూల్లో ఏ స్కానింగ్ సెంటర్ రిపోర్టు తీసినా కనపడే "గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్" ఆ దారికి మొదటి మైలురాయి. ఆ రాయి దగ్గరికి చేరినవాళ్ళలో అత్యధికులు చివరిదాకా పోరు. ఆ మాటా చెప్పాలి. కాలేయ క్యాన్సర్‌కు హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, మద్యం ఇప్పటికీ పెద్ద కారణాలే.

ఆ పదమూడు ఏవి?

గర్భసంచి లోపలి పొర, ముట్లు ఆగాక వచ్చే రొమ్ము క్యాన్సర్, అండాశయం, పెద్దపేగు, కాలేయం, పిత్తాశయం, క్లోమం, కిడ్నీ, అన్నవాహికలో ఒక రకం, జీర్ణాశయం పైభాగం, థైరాయిడ్, మెదడు పైపొరల్లో వచ్చే మెనింజియోమా, ఎముక మజ్జలో వచ్చే మల్టిపుల్ మైలోమా.

జాబితా ఒకటే అయినా బలాలు వేరు. చివరి మెట్టు లావులో గర్భసంచికి 7.1 రెట్లు, అన్నవాహికకు 4.8. కిడ్నీ, కాలేయాలకు 1.8. క్లోమానికి 1.5. పెద్దపేగుకు 1.3. థైరాయిడ్, అండాశయాలకు 1.1, అంటే లాగి చూస్తే కనపడేంత. అన్నవాహికలో ఒక రకం అన్నదాన్ని నొక్కి చెప్పాలి. ఏళ్ళ తరబడి పుల్లటి త్రేన్పులు, ఛాతీలో మంటతో కింది భాగంలో వచ్చేది బరువుతో ముడిపడినది. మన దేశంలో ఎక్కువగా వచ్చే అన్నవాహిక క్యాన్సర్ వేరే రకం. అది పొగాకు, మద్యం దారిలో వచ్చేది.

జాబితాలో లేనివాటినీ చూడాలి. నోటి క్యాన్సర్ లేదు. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ లేదు. ఊపిరితిత్తులు లేవు. మన దేశంలో 2022 అంచనా ప్రకారం ఏడాదిలో సుమారు 14 లక్షల కొత్త క్యాన్సర్ కేసులు. అందులో మొదటి మూడు స్థానాలు రొమ్ము, నోరు, గర్భసంచి ముఖద్వారం. రెండోది గుట్కా, ఖైనీ, బీడీల పుణ్యం. మూడోది హెచ్‌పీవీ అనే వైరస్ పని. బరువు తగ్గితే ఈ రెండూ తగ్గవు.

"గర్భసంచి క్యాన్సర్" అన్న ఒక్క మాటలో రెండు జబ్బులు

ఈ విషయం మీద తెలుగులో వచ్చే గందరగోళంలో సగం ఇక్కడే పుడుతుంది. గర్భసంచి ముఖద్వారంలో వచ్చే జబ్బునూ, సంచి లోపలి పొరలో వచ్చే జబ్బునూ కలిపి మనం "గర్భసంచి క్యాన్సర్" అనేస్తాం. మొదటిది వైరస్ వల్ల వచ్చేది, టీకా ఉంది, ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పాప్ పరీక్షతో ముందే కనిపెట్టొచ్చు. రెండోదానికి టీకా లేదు, పాప్ పరీక్ష దానికోసం చేసేది కాదు, బరువుతో గట్టి లంకె ఉన్నది అదే. ఒకదాని గురించి చదివి ఇంకోదానికి అన్వయించుకుంటే అంతా తలకిందులవుతుంది.

మన రాష్ట్రంలో దీనికి ఇంకో మెలిక ఉంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, దేశంలోకెల్లా ఎక్కువ. "ఉంచుకుంటే ముందు ముందు క్యాన్సర్ కావచ్చు" అన్న మాట విని ఒప్పుకున్న అక్కలు, వదినలు మన చుట్టుపక్కల ఎందరో. వెయ్యికి మూడు, ఏడు అన్న పైలెక్కను ఆ మాట పక్కన పెట్టి చూస్తే, భయం ఎంత, అంకె ఎంత అన్నది తెలుస్తుంది.

40 శాతమా, 7.6 శాతమా?

శీర్షికలో చెప్పిన రెండు శాతాలు ఇవే. 2017లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ ఒక నివేదిక ఇచ్చింది: 2014లో ఆ దేశంలో బయటపడిన క్యాన్సర్లలో 40 శాతం అధిక బరువుతో సంబంధం ఉన్నవి. ఈ మాట ప్రపంచమంతా తిరిగి తెలుగులోకి వచ్చేసరికి "నూటికి నలభై క్యాన్సర్లకు లావే కారణం" అయిపోయింది. 2024లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ పరిశోధకులు 2019 నాటి కేసుల మీద లెక్కగట్టి, అధిక బరువు వల్ల వచ్చినవి 7.6 శాతం అన్నారు. అదే లెక్కలో సిగరెట్ వాటా 19.3 శాతం.

రెండూ నిజమే. తేడా ఎక్కడుందో చిన్న లెక్కతో చూద్దాం. సన్నగా ఉన్నవాళ్ళు వెయ్యి మంది, లావున్నవాళ్ళు వెయ్యి మంది ఉన్నారనుకుందాం. పెద్దపేగు క్యాన్సర్ సన్నవాళ్ళలో 20 మందికి వచ్చింది. లావున్నవాళ్ళలో 1.3 రెట్లు, అంటే 26 మందికి. మొత్తం 46. పెద్దపేగు క్యాన్సర్ ఆ 13లో ఒకటి కాబట్టి "సంబంధం ఉన్న క్యాన్సర్లు" అన్న పద్దులో మొత్తం 46 కేసులూ పడతాయి, సన్నవాళ్ళ 20తో సహా. బరువు లేకపోతే రాకుండా ఉండేవి ఎన్ని? 26లోంచి 20 తీసేస్తే ఆరు. మొదటి నివేదిక లెక్కపెట్టింది 46ను, రెండోది ఆరును.

నన్నడిగితే మామూలు పాఠకుడికి పనికొచ్చేది రెండో రకం అంకే. మొదటిది ఆసుపత్రుల ఏర్పాట్లు చూసుకునేవాళ్ళకు అవసరం. దాన్ని మైకు పట్టుకుని చదివితే జనం హడలిపోవడం తప్ప ఇంకేమీ జరగదు. ప్రపంచం మొత్తం మీద 2012 నాటి కేసులకు కట్టిన లెక్కలో ఈ రెండో రకం వాటా 3.6 శాతమే. సగటున లావెక్కువ ఉన్న దేశాల్లో ఎక్కువ, మనలాంటి దేశాల్లో తక్కువ. అయితే లావు ఇవాళ పెరిగితే క్యాన్సర్ రేపే కనపడదు, పది ఇరవై ఏళ్ళు పడుతుంది. 36 శాతం అన్న మన సర్వే అంకె ఫలితం ఇంకా రిజిస్టర్లలోకి పూర్తిగా ఎక్కలేదు.

ఒప్పుకోనివాళ్ళ వాదన

ఈ లంకెను అనుమానించేవాళ్ళ వాదనలో బలమున్న భాగాలున్నాయి. ఇవన్నీ జనాన్ని గమనించి రాసుకున్న అధ్యయనాలు. లావున్నవాళ్ళకూ లేనివాళ్ళకూ తిండిలో, పనిలో, ఆదాయంలో, డాక్టర్ దగ్గరికి వెళ్ళే అలవాటులో తేడాలుంటాయి. ముప్పు పెంచింది బరువా, ఆ తేడాలా?

పైగా కొన్ని అంకెలు ఎదురు నడుస్తాయి. ముట్లు ఆగకముందు వచ్చే రొమ్ము క్యాన్సర్ లావున్నవాళ్ళలో కాస్త తక్కువ. ఊపిరితిత్తుల క్యాన్సర్ సన్నవాళ్ళలో ఎక్కువ కనపడుతుంది. రెండోదాన్ని విప్పడం సులువు: పొగ తాగేవాళ్ళు సగటున సన్నగా ఉంటారు, పైగా క్యాన్సర్ బయటపడేలోపే మనిషిని చిక్కిస్తుంది. చిక్కడం వల్ల జబ్బు వచ్చినట్టు కనపడుతుంది, నిజానికి జబ్బు వల్లే చిక్కారు. మంచి అధ్యయనాలు మొదటి కొన్నేళ్ళ కేసులను పక్కనపెట్టి, పొగ తాగనివాళ్ళను విడిగా లెక్కించేది ఇందుకే.

మొదటిది అంత సులువుగా విడిపోదు. పుట్టుకతో వచ్చే జన్యువుల ఆధారంగా బరువును అంచనా కట్టి చూసే పద్ధతి ఒకటుంది. జన్యువులు తిండి, ఆదాయాలను బట్టి మారవు కాబట్టి ఇది కొంత నిష్పక్షపాతమైన సాక్షి. ఆ సాక్షి గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ విషయంలో లంకెను గట్టిగా సమర్థించింది. రొమ్ము క్యాన్సర్ విషయంలో మాత్రం అడ్డం తిరిగింది: పెద్ద వయసులో కూడా లావు జన్యువులున్నవాళ్ళకు ముప్పు తక్కువని చెప్పింది. చిన్నప్పుడు బొద్దుగా ఉన్న ఆడపిల్లలకు పెద్దయ్యాక రొమ్ము క్యాన్సర్ తక్కువని వేరే అధ్యయనాల్లో తేలింది. జన్యువులు చూపిస్తున్నది ఆ చిన్ననాటి ప్రభావాన్ని కావచ్చునని, నలభై దాటాక పెరిగే బరువు కథ వేరని చాలామంది పరిశోధకుల వివరణ. మన దేశంలో రొమ్ము క్యాన్సర్ పాశ్చాత్య దేశాల కంటే చిన్న వయసులో కనపడుతుంది కాబట్టి, అక్కడి "లావుంటే రొమ్ము క్యాన్సర్ ముప్పు" అన్న మాటను యథాతథంగా మన ముప్పై ఐదేళ్ళ చెల్లెళ్ళకు వర్తింపజేయడం సరికాదు.

తగ్గితే ముప్పు తగ్గుతుందా?

ఇది అసలు పరీక్ష. కారణమే అయితే, తీసేస్తే ఫలితం మారాలి.

స్వీడన్‌లో 1987లో మొదలైన ఒక పెద్ద అధ్యయనం బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళనూ, చేయించుకోనివాళ్ళనూ ఏళ్ళ తరబడి గమనించింది. 2009లో క్యాన్సర్ ఫలితాలు వచ్చాయి. ఆపరేషన్ అయిన ఆడవాళ్ళలో క్యాన్సర్ 42 శాతం తక్కువ. మగవాళ్ళలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఈస్ట్రోజెన్ దారి గుర్తుంటే ఈ తేడా అంత వింతగా అనిపించదు. 2022లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ ఇలాంటిదే ఇంకో లెక్క ఇచ్చింది: పదేళ్ళలో ఆ 13 రకాల క్యాన్సర్లు ఆపరేషన్ అయినవాళ్ళలో 2.9 శాతానికి, కానివాళ్ళలో 4.9 శాతానికి. అంటే వందకు ఐదుగురికి బదులు ముగ్గురు. చీటీ వేసి ఎవరికి ఆపరేషన్, ఎవరికి వద్దు అని పంచిన ప్రయోగాలు కావివి, ఆ పరిమితి ఉంది.

రెండో మూడో కిలోలు తగ్గినందుకు ఇంత ఫలితం ఆశించలేం. ఆపరేషన్లలో తగ్గేది పాతిక కిలోల లెక్క. కానీ అమెరికాలో ముట్లు ఆగిన ఆడవాళ్ళ మీద జరిగిన ఒక పెద్ద అధ్యయనంలో, బరువులో ఐదు శాతం తగ్గినవాళ్ళకు కూడా గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ 29 శాతం తక్కువగా కనపడింది. 66 కిలోల అక్కకు ఐదు శాతమంటే మూడుంపావు కిలోలు. నడకతో, అన్నం ముద్ద తగ్గించి అందుకోగల అంకె.

ఇక బరువు తగ్గించే ఇంజెక్షన్లు. 2025లో మన్జారో, వెగోవి మన దేశ మార్కెట్లోకి వచ్చాక కర్నూలు మెడికల్ షాపుల్లోనూ వాటి గురించి అడిగేవాళ్ళు పెరిగారు. అమెరికాలో షుగర్ రోగుల మీద 2024లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఇన్సులిన్ తీసుకున్నవాళ్ళతో పోలిస్తే ఈ కుటుంబం మందులు తీసుకున్నవాళ్ళకు 13లో పది రకాలు తక్కువగా వచ్చాయి. మరోపక్క ఎలుకల్లో ఒక రకం థైరాయిడ్ గడ్డలు కనపడినందుకు ఈ మందుల పెట్టె మీద హెచ్చరిక ఉంది. మనుషుల్లో క్యాన్సర్ తగ్గుతుందని తేల్చి చెప్పాలంటే పదేళ్ళు గమనించాలి. మన్జారో, వెగోవి వచ్చి అంతకాలం కాలేదు.

బోర్డు మీద బొమ్మ వేయడమా, వద్దా?

సమోసా చర్చ మనకు కొత్త గానీ ఇంగ్లండ్‌కు పాతది. అక్కడి క్యాన్సర్ రీసెర్చ్ యూకే అనే స్వచ్ఛంద సంస్థ 2019లో సిగరెట్ పెట్టెల బొమ్మల మీద "స్థూలకాయం కూడా క్యాన్సర్ కారణమే" అన్న అర్థం వచ్చేలా రాసి పెద్ద పెద్ద హోర్డింగులు పెట్టింది. సంస్థ వాదన: పొగాకు తర్వాత మనం నివారించగల పెద్ద కారణం ఇదే, జనంలో ఎక్కువమందికి తెలియదు, తెలియజెప్పాలి. విమర్శకుల వాదన: సిగరెట్ పారేయొచ్చు, ఒంటిని పారేయలేరు. లావుకు జన్యువులు, మందులు, నిద్ర, చవకగా దొరికే తిండి, అన్నీ కారణాలే. అవమానిస్తే మనిషి తగ్గడు, దాక్కుంటాడు.

రెండు వైపులా నిజముంది. కానీ మన ఊళ్ళో సమస్య కాస్త వేరు. ఇక్కడ "ఒళ్ళు చేసింది" అంటే ఒకప్పుడు మెచ్చుకోలు. అత్తగారింట్లో సుఖపడుతోందని. "చిక్కిపోయినావేమే" అంటే జాలి. ఒక తరంలో అదే ఒళ్ళు నేరమైపోయింది. మోకాళ్ళ నొప్పికి పోయినా, గ్యాస్‌కు పోయినా "ముందు బరువు తగ్గమ్మా" అన్న ఒక్క మాటతో పంపించేస్తే, ఆ అమ్మ తర్వాతిసారి నిజమైన బాధతో కూడా ఆసుపత్రి మెట్లెక్కదు.

ఆ నిజమైన బాధల్లో ఒకదాని లెక్క స్పష్టంగా ఉంది. ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనపడటం. ఎన్నో దేశాల అధ్యయనాలను కలిపి 2018లో చూసినప్పుడు, గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ వచ్చినవాళ్ళలో 90 శాతం మందికి ఈ గుర్తు ఉంది. తిప్పి చదివితే, ఈ గుర్తు కనపడిన ఆడవాళ్ళలో క్యాన్సర్ తేలింది 9 శాతం మందికే. మిగతా 91 మందిలో పొర పలచబడటం, చిన్న పిలకలు, మందుల ప్రభావం లాంటివి. ఆ తొమ్మిదిలో ఉన్నారా, తొంభై ఒకటిలో ఉన్నారా అన్నది పొర మందం చూసే స్కానింగ్‌తోనూ, అవసరమైతే చిన్న ముక్క తీసి చేసే పరీక్షతోనూ తేలుతుంది. ఆ ముక్కను చాలాసార్లు ఓపీలోనే తీస్తారు. తొలిదశలో దొరికితే ఎక్కువమందికి ఆపరేషన్‌తోనే నయమయ్యే క్యాన్సర్ ఇది.